మంచుకొండకు మూట కట్టిన ఎండకాలం

హన్మకొండ చౌరస్తా దగ్గరి దుకాణంలో బావ సూట్‌కేసులను ఒక్కొక్కటిగా వేలి కణుపులతో తట్టి చూశాడు. చెవి దగ్గరగా వంచి, మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు. దుకాణదారు వింతగా చూస్తున్నాడు. నాకు మాత్రం వింతేమీ అనిపించలేదు. బావ ముప్పై ఏళ్ళు సింగరేణిలో పనిచేసినవాడు, అందులో ఎక్కువ కాలం భూపాలపల్లి కేటీకే గనుల్లో. నెత్తిమీది బండను గడ్డపారతో తట్టి, ఖంగుమంటే గట్టిది, గుల్ల చప్పుడు వస్తే దాని కింద నిలబడొద్దు అని చెవితోనే తేల్చుకొని బతికిన మనిషి. చివరికి బూడిదరంగు పెట్టెనొకదాన్ని ముందుకు జరిపి, "ఇది గట్టిగున్నది బామ్మర్దీ, తీసుకో" అన్నాడు.

ఆ పెట్టె స్విట్జర్లాండ్‌కు.

మా మేనకోడలు జ్యూరిక్‌లో ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. "బాపూ, అమ్మను తీసుకొని ఒక్కసారి రారాదే" అని రెండేళ్ళుగా అడుగుతూనే ఉంది. బావ కదల్లేదు. ఆఖరికి ఆ పిల్ల ఒక వీడియో పంపింది. యుంగ్‌ఫ్రావ్ రైలు, మంచుకొండ కడుపులోంచి పైకి పోయే సొరంగం. అది చూసిన రోజు రాత్రి బావ నాకు ఫోన్ చేసి, దాని సంగతేందో చదివి చెప్పమన్నాడు. చెప్పాను. 1896లో తవ్వడం మొదలుపెట్టారు. పైదాకా రైలు నడిచింది 1912 ఆగస్టు 1న. ఐగర్, మోంక్ అనే రెండు కొండల లోపలినుంచి 7 కిలోమీటర్లకు పైగా తొలుచుకుంటూ పోయారు. చివరి స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంటుంది, యూరప్‌లో దానికంటే ఎత్తయిన రైల్వే స్టేషన్ లేదు. ఈ పని తలపెట్టిన అడాల్ఫ్ గయర్-జెల్లర్ 1899లోనే చనిపోయాడు, తన రైలు పైకెక్కడం చూడలేదు.

బావ అంతా విని ఒక్కటే అడిగాడు. "పనోళ్ళు ఎంతమంది పోయిండ్రు?"

ముప్పై మంది. 1899లో ఒక్క పేలుడులోనే ఆరుగురు. పనివాళ్ళలో ఎక్కువమంది ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "పోదాం" అన్నాడు. అది 2024 డిసెంబర్ మాట.

మేముండేది మూడు చోట్ల. నేను జనగామలో టీచర్‌ను. అక్కాబావలది భూపాలపల్లి. అమ్మ మానుకోట పక్క పల్లెలో ఉంటుంది. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తాం కాని మా నోటికి అది ఇప్పటికీ మానుకోటే. జనగామ నుంచి అమ్మ దగ్గరికి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఉంది. భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్‌లో దిగి హన్మకొండలో బస్సెక్కి, పరకాల, రేగొండ మీదుగా పోవాలి. ఆ ఆరు నెలల్లో ఆ బస్సు కండక్టర్లు నన్ను గుర్తుపట్టేంతగా తిరిగాను. వాళ్ళకు తోడు నేనూ పోతున్నాను. ప్రభుత్వ టీచర్‌ను కాబట్టి విదేశం పోవడానికి శాఖ అనుమతి తీసుకోవాలి, సెలవులు ముగిసి జూన్ 12న బడి తెరిచేలోపు తిరిగి రావాలి. మే 30న బయలుదేరి జూన్ 9కి ఇల్లు చేరేలా లెక్క వేసుకున్నాం.

చలిదేశం పోదామనుకునే వాళ్ళకు నేను మొదట చెప్పేది బట్టల సంగతి కాదు, పేర్ల సంగతి. బావ పాత కాగితాల్లో పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి. అక్క ఇంటిపేరు పెళ్ళికి ముందుది ఒక కార్డులో, పెళ్ళి తర్వాతది ఇంకో కార్డులో. అవి ఒక్కటి చేసి పాస్‌పోర్టులు చేతికి వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. మా తరం పల్లెల్లో పుట్టినవాళ్ళలో సగం మందికి ఈ తిప్పలుంటాయి. మనవళ్ళు పిలిచినప్పుడు చూద్దాంలే అనుకోకుండా, ప్రయాణం ఉన్నా లేకున్నా ఈ పని ముందే చేసి పెట్టుకోవాలి.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కాని ఎండకాలం సెలవులకు అందరూ ఒక్కసారే ఎగబడతారు, వేలిముద్రలకు తేదీ దొరకదు. మేం మార్చిలోనే తీసుకున్నాం. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్ట్ మూడు నెలలు చెల్లాలి. ఇవన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసుకొని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. ఒక్కటి మాత్రం ముందు తోచలేదు. హైదరాబాద్‌లో వేలిముద్రల దగ్గర బావ చేతిని యంత్రం పట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు బొగ్గు, ఇనుము, తడి పట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. తుడిచి పెట్టారు, తడిపి పెట్టారు, ఐదోసారికో ఆరోసారికో పడ్డాయి. అక్కడి అమ్మాయి ఓపికగా, "పెద్దాయనా, తొందరేం లేదు" అంది. అంతసేపూ బావ తన చేతులను కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

చలిబట్టలు చలికాలంలోనే కొనాలి. ఇది చిన్న మాటే, కాని ఏప్రిల్‌లో జనగామ బజారంతా తిరిగినా ఉన్ని మేజోడు ఒక్కటి దొరకదు. జనవరిలో హన్మకొండ రోడ్ల పక్కన స్వెటర్లు అమ్మేవాళ్ళు ఉన్నప్పుడే మేం తీసి పెట్టుకున్నాం. కొనేముందు మేనకోడలు ఫోన్లో ఒక పాఠమే చెప్పింది. "మామా, ఒక్క లావు కోటు కొనకు. సన్నవి మూడు కొను." ఒంటికి అంటుకొని చెమటను లాగేది ఒకటి, వేడిని పట్టి ఉంచేది దాని మీద ఇంకొకటి, గాలినీ వాననూ ఆపేది అన్నిటికన్నా పైన. ఎండ వస్తే ఒకటి విప్పొచ్చు, గాలి వస్తే ఇంకొకటి తొడగొచ్చు. నూలు బనియన్లు వద్దంది. నూలు చెమటను తాగి తడిగానే ఉంటుంది, ఆ తడి ఒంటి వేడిని లాగేస్తుంది. మన ఎండకు చల్లగా ఉంచే గుణమే అక్కడ శత్రువవుతుంది.

అక్క సంగతి వేరు. యాభై ఆరేళ్ళలో చీర తప్ప ఇంకోటి కట్టి గడప దాటలేదు. మంచు మీద చీర కుచ్చిళ్ళు తడిస్తే ఆ తడి మోకాళ్ళదాకా ఎక్కుతుంది. నాలుగు రోజులు ఆలోచించి, "మంచు మీద నడిచే దినం మటుకు పంజాబీ డ్రెస్సు ఏసుకుంట తమ్మీ. మిగిలిన దినాలు చీరెనే, లోపల ఆ వెచ్చటి పైజామా తొడుక్కుంట" అని తేల్చింది. ఆమెకు ఏది వెచ్చగా ఉంటుందో, దేంట్లో ఆమె ఆమెలా ఉంటుందో రెండూ చూసుకొని తీసుకున్న నిర్ణయం అది. నాకు చాలా నచ్చింది.

బూట్ల విషయంలో బావే మాకు గురువు. గనిలో నీళ్ళలో నిలబడి పనిచేసినవాడికి పాదం విలువ తెలుసు. "కొత్త బూటు దూరం పోయేనాడు తొడగొద్దు. తడి సాక్సు కాలు మీద ఉంచొద్దు, పుండు పడతది" అని, ఫిబ్రవరిలోనే కొనిపించి రోజూ తొడిగించాడు. అక్క చీర కింద బూట్లతో భూపాలపల్లి కాలనీలో పొద్దున్నే నడిచేది. మొదట్లో ఇరుగుపొరుగు చూశారట. పది రోజులకు ఇద్దరు తోడు కూడా వచ్చారట.

ఒంటిని సిద్ధం చేసుకోవడానికి భువనగిరి గుట్టను ఎంచుకున్నాం. జనగామ నుంచి రైల్లో దగ్గరే. ఒకే ఒక్క బండ, 500 అడుగులకు పైగా ఎత్తు, మీద కోట. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలుగు ఆదివారాలు తెల్లవారుజామునే ఎక్కాం. వీపున సంచి, సంచిలో ముందు రెండు కిలోలు, తర్వాత మూడు, తర్వాత ఐదు. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కొండెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. గురుకుల పాఠశాలల పిల్లలు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. మెట్ల మీద ఆయాసంతో కూర్చున్నప్పుడు అక్కకు ఆ సంగతి చెప్పాను. "ఆ పిల్ల తల్లి ఎట్ల పంపిందో" అని చాలాసేపు ఆ తల్లి గురించే మాట్లాడింది.

మూడో ఆదివారం బావ కోట గోడ దగ్గర ఆగి, బండను కర్రతో తట్టి విన్నాడు. అలవాటు పోదు.

అసలు భయం బావ ఊపిరితిత్తుల గురించే. మంచుకొండ మీద రైలు చేరే ఎత్తున గాలి ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. ముప్పై ఏళ్ళు దుమ్ము పీల్చిన రొమ్ము తట్టుకుంటుందా? హన్మకొండలో డాక్టరుకు చూపించాం. ఊదించి చూశారు, గుండె పరీక్ష చేశారు. పోవచ్చు, కాని ఒక్కసారే పైకి పోవద్దు, కింద ఒక రాత్రి పడుకొని పొండి, పైన ఎక్కువసేపు ఉండకండి, తల తిరిగినా ఊపిరి అందకపోయినా వెంటనే కిందికి దిగండి అన్నారు. దాన్నిబట్టి దారి మార్చాం. గ్రిండెల్‌వాల్డ్ నుంచి 2020లో మొదలైన కేబుల్ కారు పావుగంటలో 2,328 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అది వద్దనుకొని, లౌటర్‌బ్రున్నెన్‌లో రాత్రి ఆగి, పళ్ళచక్రాల రైల్లో వెంగెన్, క్లైన షైడెగ్ మీదుగా నెమ్మదిగా ఎక్కే దారిని తీసుకున్నాం. స్విస్ ట్రావెల్ పాస్ వెంగెన్ దాకా చెల్లుతుంది, ఆపైన టికెట్ ధరలో పావు వంతు తగ్గింపు ఇస్తారు. ఆ లెక్కలన్నీ మేనకోడలు చూసుకుంది. మందులను చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టాం, అట్టల మీద పేర్లు చింపకుండా.

ఇక అమ్మ.

ఏప్రిల్ ఆఖరులో మానుకోట పోయేసరికి వాకిట్లో మిర్చి ఎండుతోంది, లోపల సకినాలు వేగుతున్నాయి. సంక్రాంతికి తప్ప సకినాలు చుట్టని అమ్మ, మనవరాలి కోసం ఎండకాలంలో బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి గుడ్డ మీద చుట్టింది. పక్కన మామిడికాయ తొక్కు. చపాటా మిర్చి కారం వేరుగా సీసాలో. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ ఉండే ఆ మిర్చికి 2025లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకా పేరిన నెయ్యి, కరివేపాకు కట్టలు, మటన్ పచ్చడి.

నేను నోటుబుక్కు తీసి చదవాల్సి వచ్చింది. మన దగ్గరి నుంచి మాంసం, పాలు, వాటితో చేసినవి ఆ దేశంలోకి రానివ్వరు. నెయ్యి కూడా అందులోకే వస్తుంది. పచ్చి ఆకులు, కూరగాయలు కూడా వద్దు. పురుగులూ తెగుళ్ళూ తమ పొలాల్లోకి రాకుండా వాళ్ళు చూసుకుంటారు. అమ్మ విన్నది. నెయ్యి సీసా మూత మళ్ళీ బిగించి గూట్లో పెట్టింది. "వాళ్ళ పంటలు వాళ్ళు కాపాడుకుంటుండ్రు. మనకు పత్తికి పురుగొచ్చిన నాడు ఎవలు ఆపిండ్రు?" అంది. తర్వాత కరివేపాకు దులిపి నీడన ఆరబెట్టింది. మూడు రోజుల్లో అది కరివేపాకు కారప్పొడి అయింది.

కట్టడం కూడా అమ్మ పద్ధతిలోనే. సకినాలను స్టీలు డబ్బాలో నిలువుగా పేర్చి, మధ్య సందుల్లో పాత నూలుగుడ్డ కుక్కింది, కదలకుండా. తొక్కు సీసా మూతకు లోపల ప్లాస్టిక్ కాగితం, పైన దారం, ఆ మీద రెండు కవర్లు. మేనకోడలికి కొన్న ప్రెషర్ కుక్కర్‌లో కూడా ఖాళీ వదల్లేదు, మేజోళ్ళు, కారప్పొడి పొట్లాలు అందులోకే. అక్కడ కరెంటు పొయ్యిలే కాబట్టి అల్యూమినియంది కాకుండా ఇండక్షన్ మీద పనిచేసే స్టీలుది కొన్నాం. మన మూడు కాళ్ళ ప్లగ్గు అక్కడి గోడలో దూరదు. సన్నటి రెండు కాళ్ళది సరిపోతుంది. పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

మిర్చి బస్తాలు తూచే కాంటా మీదే పెట్టెలు తూచాం. ఒక్కొక్కరికి 23 కిలోలు. మొదటిసారి బావ పెట్టె 26 చూపింది. విప్పితే అడుగున గొంగడి.

అది బావ వాళ్ళ నాయనది. నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన దక్కనీ గొంగడి. ఒక్కటే 2 కిలోల 800. నేను తీసేద్దామన్నాను. మనం కొన్న మూడు పొరల ముందు దీని అవసరమేముందన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "వానల తడిసిన గొర్లకాపరిని అడుగు, గొంగడి ఎట్లుంటదో చెప్తడు" అంది. ఆలోచిస్తే ఆమె మాటే నిజం. ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. నూలు గురించి మేనకోడలు జ్యూరిక్ నుంచి చెప్పిన పాఠం కుర్మోళ్ళకు తరతరాలుగా తెలిసిందే. గొంగడిని భుజాన వేసుకొని విమానమెక్కుతానన్నాడు బావ. పెట్టె దాదాపు 23కి వచ్చింది.

మే 28న, ఇంకో రెండు రోజుల్లో బయలుదేరతామనగా, ఫోన్లో ఒక వార్త. స్విట్జర్లాండ్‌లో లోట్‌షెన్ లోయలోని బ్లాటెన్ అనే ఊరి మీద మంచునది విరిగి, బండలూ మట్టీ కలిసి పడింది. ఊరు దాదాపు అంతా దాని కింద పోయింది. కొండ కదులుతోందని ముందే పసిగట్టి, మే 19నే సుమారు 300 మందిని, పశువులను ఖాళీ చేయించారు. ఒకాయన జాడ మాత్రం అప్పటికి తెలియలేదు. అక్క భయపడింది. మేం పోయే దారి అది కాదని, కొండలకు ఇవతలి వైపని మేనకోడలు చెప్పాక కొంత కుదుటపడింది. బావ మాత్రం ఆ చిత్రాన్ని చాలాసేపు చూశాడు. బొగ్గు కోసం ఊళ్ళు ఖాళీ అయిన ప్రాంతం మాది. "వాళ్ళు ఏం పట్టుకొని ఎల్లిండ్రో" అన్నాడు. మా ముందు నాలుగు పెట్టెలు, జాబితాలు, తూకం చీటీలు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ రాత్రి బావ తన పెట్టె విప్పి రెండు చొక్కాలు తీసేశాడు. ఎందుకని అడగలేదు.

ఆ ఏడు తొలకరి ముందే దిగింది. జనగామ స్టేషన్‌లో వానలోనే రైలెక్కాం. శంషాబాద్‌లో తనిఖీ దగ్గర జేబులు ఖాళీ చేసి, చేతులు పైకెత్తి నిలబడిన బావ నావైపు తిరిగి, "బాయిల దిగేముందు గూడ గింతే. అగ్గిపెట్టె, బీడీ ఉన్నదా అని జేబులు చూసేటోళ్ళు" అన్నాడు. మొదటిసారి విమానమెక్కే మనిషిలో కంగారన్నది లేదు.

జ్యూరిక్‌లో డబ్బా మూత తీస్తే సకినాలు నాలుగే విరిగాయి. ఆ పిల్ల ఒకటి నోట్లో పెట్టుకొని అమ్మమ్మకు వీడియో కాల్ చేసింది. ఇద్దరికీ మాట రాలేదు. అక్క తెచ్చుకున్న కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టింది. 24 డిగ్రీల కిందికి పోతే దాని గుణమే అంత. అది ఒక్కటే మా జాబితాలో తప్పిపోయిన ముచ్చట.

లౌటర్‌బ్రున్నెన్‌లో అనుకున్నట్టే ఒక రాత్రి పడుకున్నాం. లోయకు రెండు పక్కలా గోడల్లా బండలు, వాటి మీదనుంచి జలపాతాలు. తెల్లారి పళ్ళచక్రాల రైలు ఎక్కి 2,061 మీటర్ల ఎత్తులోని క్లైన షైడెగ్‌లో దిగాం. గంటసేపు అక్కడే కూర్చున్నాం, ఒంటిని అలవాటు పడనిస్తూ. ఎదురుగా ఐగర్ నల్లటి ముఖం. గాలి కోస్తోంది. అక్క పంజాబీ డ్రెస్సు మీద మూడు పొరలతో వెచ్చగా ఉంది. బావ గొంగడిని కొప్పెర పెట్టుకొని బల్ల మీద కూర్చున్నాడు. పక్కనున్న ముసలాయన ఒకరు లేచి వచ్చి, గొంగడి అంచును వేళ్ళతో పట్టి చూసి, తల పంకించి ఏదో అన్నాడు. మా పిల్ల విని చెప్పింది, ఆయన గొర్రెలు కాసేవాడట. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే చాలాసేపు ఉన్నిని పట్టుకొని మాట్లాడుకున్నారు.

తర్వాత రైలు కొండలోకి దూరింది. చీకటి. బావ కిటికీకి ముఖం ఆనించి గోడనే చూస్తున్నాడు. ఊపిరి ఎట్లుందని నేను రెండుసార్లు అడిగాను, చెయ్యి ఊపాడు. ఐస్‌మేర్ దగ్గర, 3,160 మీటర్ల ఎత్తున, రైలు ఐదు నిమిషాలు ఆగుతుంది. జనమంతా అద్దాల్లోంచి మంచునదిని చూడటానికి పరుగెత్తారు. బావ దిగి, ఎదురు దిక్కుకు నడిచాడు. నెమ్మదిగా, డాక్టరు చెప్పినట్టు. తొలిచిన బండ బయటికి కనబడే చోట ఆగి, అరిచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత చేతికర్ర తిప్పి పట్టుకొని, నెత్తిమీద చెయ్యందేంత ఎత్తున ఒకసారి తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. పక్కకు జరిగి ఇంకోసారి తట్టాడు.

"మంచి పని చేసిండ్రు" అన్నాడు.

కూత వేశారు. గొంగడి సర్దుకొని రైలెక్కాడు.